చేత్తో పట్టుకున్న ఇంగ్లీషు

మా సుగుణత్త మనవరాలు మొన్న ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. రావడమే గొడవకి వచ్చింది. పేరు స్నేహ. కాకినాడలో ఒక కాలేజీలో పిల్లలకి ఇంగ్లీషులో మాట్లాడడం నేర్పుతుంది. చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "పెదనాన్నగారూ, మా అమ్మమ్మకి ఇంగ్లీషు నేర్పింది మీరేనంట కదండీ. అమ్మ చెప్పింది. నేను నమ్మలేదు," అంది.

"ఎందుకు నమ్మలేదే?"

"మీరు చెప్పినవాటిల్లో ఏది నమ్మమంటారండీ? వైనతేయలో మునిగిపోతున్న పడవని తువ్వాలు కట్టి ఒడ్డుకి లాగేనని చెప్పేరు నా చిన్నప్పుడు."

"తువ్వాలు కాదు, పంచె," అన్నాను.

ఊళ్లో నన్ను కోతల ప్రసాదు అంటారు. నా మాటని సగానికి కోసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేసి, మిగిలిన ముక్కని కూడా నాలుగిళ్లలో వాకబు చేసుకుని గాని నమ్మరు. దాని గురించి నాకేం బాధ లేదు. ఉన్నది ఉన్నట్టు చెబితే వినడానికి ఎవరూ కూర్చోరు, కాస్త తాలింపు పడాలి. కానీ సుగుణత్త సంగతికి మటుకు తాలింపు అవసరం ఎప్పుడూ రాలేదు. అది జరిగినప్పుడే ఘుమఘుమలాడుతూ జరిగింది. అందుకే ఆ పిల్లకి టీ ఇచ్చి పంపేసి రాయడానికి కూర్చున్నాను. నోటితో చెబితే కోత అంటారు, కాగితం మీద పెడితే అదే మాటకి కాస్త మర్యాద వస్తుంది.

అప్పట్లో మా ఇల్లూ మా మేనత్త సుగుణ ఇల్లూ మామిడికుదురు దగ్గర కాలవ గట్టున ఒకే వాకిట్లో ఎదురెదురుగా ఉండేవి. రెండిళ్లకీ తాటాకు కప్పు, రెండిళ్లకీ కలిపి ఒకటే పొయ్యి. ఆ వాకిలి తలుచుకుంటే నాకు ముందు వాసనే వస్తుంది. పీచు కోసం కాలవలో నెలల తరబడి నానబెట్టిన కొబ్బరి డొక్కల వాసన. కొత్తవాళ్లు ముక్కు మూసుకునేవారు. మాకు మాత్రం ఏ పెళ్లికో వెళ్లి నాలుగు రోజులు ఆ వాసన లేకపోతే తల నొప్పి వచ్చేది. మా నాయనమ్మ తెల్లారకముందే లేచి మోకరించి, ఇంట్లోవాళ్లందరి పేర్లూ వరసగా చెప్పి ప్రార్థన చేసేది. చివర్లో కోడిపెట్టల కోసం కూడా విడిగా ఒక మాట వేసేది. ఆవిడ ఆమెన్ అన్నాక పొయ్యిలో కొబ్బరి మట్ట చిటపటమనేది. ఆ చిటపట వినబడితేనే మేం దుప్పట్లు తీసేవాళ్లం. గంజి, ఉప్పు, నిన్నటి చేపల పులుసు. అంతకంటే గొప్ప టిఫిను ఏ హోటల్లోనూ తినలేదని చెబితే ఇది కూడా కోతే అంటారు, చెప్పను.

సుగుణత్త భర్త యేసురత్నం మావయ్య కొబ్బరి దింపు తీసేవాడు. కాళ్లకి బంధం వేసుకుని చెట్టెక్కితే కింద నిలబడ్డవాడు తలెత్తేలోపు గెలల్లో ఉండేవాడు. అలాంటివాడు ఒక వానాకాలం పాకర పట్టిన చెట్టు మీంచి జారిపడ్డాడు. ప్రాణం దక్కింది గాని కుడికాలు మళ్లీ చెట్టెక్కే కాలు కాలేదు. ఆ తరవాత వాకిట్లో నులక మంచం మీద పడుకుని, వచ్చేవాళ్లనీ పోయేవాళ్లనీ వెటకారం చేస్తూ కాలక్షేపం చేసేవాడు. ఇంటి బండి మొత్తం అత్త మీద పడింది. వాళ్ల ఒక్కగానొక్క పిల్ల విజయ ఎనిమిదో తరగతి. చదువులో నిప్పు. పీచు తీసే షెడ్డు ఆయన అప్పటికే రెండుసార్లు వచ్చి, పిల్లని పంపించమని అడిగి వెళ్లాడు. అత్త రెండుసార్లూ చూద్దామండి అని తప్పించుకుంది.

అదే రోజుల్లో మా వైపు ఆడవాళ్లు కువైట్ వెళ్లడం మొదలైంది. అమలాపురంలో ఒక ఏజెంటు ఉండేవాడు. ఇంటిపనికి మనుషుల్ని ఎంచడానికి బొంబాయి నుంచి ఒక మేడమ్ వస్తోందని, పని తెలిస్తే చాలదు, ఇంగ్లీషు నాలుగు ముక్కలు రావాలని, లేకపోతే ఆవిడ వెనక్కి పంపేస్తుందని కబురొచ్చింది. అత్త పేరు ఇచ్చేసింది. ఇచ్చి వచ్చిన సాయంత్రమే మావయ్యతో తేల్చి చెప్పింది: "నెగ్గితే నేను కువైట్ వెళ్తాను. నెగ్గకపోతే ఆ వచ్చే సోమారం నించి పిల్ల పీచు పనికెళ్తుంది. మధ్యలో మూడో దారి ఏవన్నా ఉంటే నువ్వే చెప్పు." మావయ్య దగ్గర అన్ని వెటకారాలు ఉన్నాయి గాని మూడో దారి లేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. విజయ లాంతరు దగ్గర లెక్కలు చేసుకుంటూ, తలెత్తకుండా, అదే లెక్కని మళ్లీ మళ్లీ రాయడం నేను చూశాను.

మర్నాడు పొద్దున్నే అత్త నన్ను పట్టుకుంది.

"ఒరేయ్ ప్రసాదూ, నువ్వు ఆ జీపు దొరతో గంటసేపు ఇంగ్లీషులో మాట్లాడేవంట కదా. నాకు నేర్పు. రెండు వారాలుంది."

నేను నా గోతిలోనే పడ్డాను. ఆ దొర సంగతి చెప్పాలి. మా వైపు భూమిలో చమురు కోసం తవ్వే రోజులవి. ఒకనాడు ఆ కంపెనీ జీపు మా కొబ్బరికాయల పోగు దగ్గర ఆగింది. ఎర్రగా కాలిపోయిన ఒక దొర దిగి, బొండాం కేసి వేలు చూపించి, "డ్రింక్?" అన్నాడు. నేను బొండాం కొట్టి చేతికిచ్చి, నాకు తోచక, "డ్రింక్," అన్నాను. తాగేశాడు, వెళ్లిపోయాడు. జరిగింది అంతే. కాని ఊళ్లోకి వచ్చేసరికి అది గంటసేపు సాగింది. నేను అతనికి మన దేశం సంగతులన్నీ చెప్పాను. అతను నన్ను తనతో రమ్మని బతిమాలాడు. నాయనమ్మని వదిలి రాలేనని నేను కళ్లొత్తుకున్నాను. ఇంటర్లో ఇంగ్లీషు ఒకసారి తప్పి రెండోసారి గట్టెక్కినవాడిని. ఊరు మటుకు నన్ను ఇంగ్లీషు వచ్చినోడిని చేసి కూర్చోబెట్టింది. ఇప్పుడు అత్తతో, అదంతా కోత అని ఎలా చెప్పడం? చెబితే ఆవిడ ఇంకెవరి దగ్గరకి వెళ్తుంది?

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని రాస్తే బాగుంటుంది గాని, హాయిగానే పట్టింది. పొద్దున్న పళ్లు తోముకుంటుంటే వెలిగింది. ఆ దొర బొండాన్ని చూపించి డ్రింక్ అన్నాడు, తాగమని ఇస్తూ నేనూ డ్రింక్ అన్నాను. ఒకే మాట రెండు కొలువులు చేసేసింది. నా చేతిలో బ్రష్ ఉంది. అదీ బ్రష్షే, నేను చేస్తున్నదీ బ్రష్షే. కాలేజీలో మాస్టారు నామవాచకం, క్రియ అని బల్ల గుద్ది చెప్పినప్పుడు ఎక్కనిది నోట్లో నురగతో ఉండగా ఎక్కింది. మన భాషలో మాట ఒంటరిగా గుమ్మం దాటదు. పక్కన చెయ్యి అనో, వెయ్యి అనో, పెట్టు అనో, కొట్టు అనో తోడుపెళ్లికూతురు ఉండాల్సిందే. ఇస్త్రీ చెయ్యాలి, తాళం వెయ్యాలి, ఉప్పు వెయ్యాలి, నూనె పెట్టాలి. ఆ ఇంగ్లీషు మాటలు మాత్రం ఎవరి తోడూ లేకుండా లేచి కేరేజీ పట్టుకుని పనికి పోతున్నాయి. అలాంటివే ఏరి నేర్పితే నేర్పేవాడికి సగం శ్రమ, నేర్చుకునేవాళ్లకి రెండింతల లాభం. పెద్ద పెద్ద శాస్త్రాలు ఎలా పుట్టాయో నాకు తెలీదు గాని, ఈ శాస్త్రం మాత్రం వట్టి బద్ధకంలోంచి పుట్టింది.

పొయ్యి దగ్గరే పాఠశాల పెట్టాను. నియమం ఒక్కటే: వస్తువు చేతిలో లేకుండా మాట అనకూడదు, మాట అనకుండా ఆ వస్తువుతో పని చేయకూడదు. ఎత్తి చూపించి ఒకసారి, పని చేస్తూ ఒకసారి. అత్త దువ్వెన ఎత్తి "కోంబ్" అనేది, విజయ తల దువ్వుతూ "కోంబ్" అనేది. సీసా ఎత్తి "ఆయిల్", తలకి పట్టిస్తూ "ఆయిల్". విసనకర్ర "ఫ్యాన్", విసరడం "ఫ్యాన్". ఊళ్లో ఇస్త్రీ పెట్టె ఒకటి అరువు తెచ్చి, కొబ్బరి చిప్పల బొగ్గులు పోసి, నా చొక్కా మీద "ఐరన్" అని "ఐరన్" చేసింది. ఆ చొక్కా వీపు మీద నల్లటి అచ్చు ఒకటి పడింది. దాన్ని నేను చాలా రోజులు కువైట్ పతకం తగిలించుకున్నట్టు వేసుకుని తిరిగాను. మా ఇంట్లో లేని వస్తువులు నేనే పుట్టించాను. గడకర్రకి గోనె ముక్క కడితే "మాప్" అయింది. ధాన్యం పెట్టె నిలబెడితే ఫ్రిజ్ అయింది. అత్త ఆ ఫ్రిజ్ తలుపు తీసేటప్పుడు చలి వేసినట్టు కొంగు భుజం మీదకి లాక్కునేది. అంత శ్రద్ధ.

మావయ్య మంచం మీంచి ఊరుకునేవాడు కాడు. "ఏవే, పొద్దున్నించీ కోంబూ కోంబూ అని ఆ పిల్ల జుట్టంతా పీకేస్తున్నావు. కువైట్‌లో అందరూ బోడిగుండ్లేనేంటే?"

"నువ్వు పడుకోవయ్యా. నీ మీద 'మాప్' చేస్తాను," అనేది అత్త, నిజంగానే గడకర్ర ఎత్తి.

చిక్కల్లా దుమ్ము దగ్గర వచ్చింది. డస్ట్ అంటే దుమ్ము అని చూపించి, గుడ్డతో దులుపుతూ ఇది కూడా డస్టే అన్నాను. అత్త గుడ్డ కింద పడేసింది.

"ఆగరా అబ్బాయ్. ఉప్పంటే ఉప్పు, ఉప్పు వెయ్యడం కూడా ఉప్పే, ఒప్పుకున్నాను. దుమ్మంటే దుమ్మే, దుమ్ము తియ్యడం కూడా దుమ్మేనా? మరి ఆ మేడమ్ డస్టు అందనుకో, వెయ్యమన్నట్టా తియ్యమన్నట్టా?"

"నీ చేతిలో గుడ్డ ఉంటే ఏం చేస్తావత్తా?"

"దులుపుతాను."

"మరి ఇంకేం? ఎటు చెయ్యాలో నీ చేతికి తెలుసు. నోటిని అడక్కు."

నాకు తెలియకుండానే నా నోటివెంట వచ్చిన మంచి మాట అదొక్కటే. అత్త దాన్ని వేదవాక్కులా పట్టుకుంది. ఆ రోజు నుంచి ఆవిడ చేయి ఆగలేదు, నోరు ఆగలేదు. చేపలు తోముతూ, కుండ దించుతూ, తలుపు వేస్తూ, బొత్తాం కుడుతూ, ప్రతి పనికీ రెండుసార్లు గట్టిగా అనేది. గట్టు మీద పోయేవాళ్లు ఆగి వినేవారు. మూడో నాటికి ఊళ్లో పుకారు పుట్టింది: సుగుణమ్మ మీదకి పరిశుద్ధాత్మ దిగింది, అన్యభాషలు మాట్లాడుతోంది. పాస్టరుగారు బైబిలు పట్టుకుని పరుగున వచ్చారు. అత్త అన్నం కుండ ముందు కళ్లు మూసుకుని ఊగుతూ, "బాయిల్... బాయిల్..." అంటోంది. పాస్టరుగారు చేతులు జోడించి, కాసేపు విని, నెమ్మదిగా కళ్లు తెరిచి నా కేసి చూశారు.

"ఇది ఆత్మ కాదు కదయ్యా ప్రసాదూ?"

"కాదండి. కువైటండి."

"సరే, దానికీ ప్రార్థన చేద్దాం," అని, చేసి, మజ్జిగ తాగి వెళ్లారు.

ఇంటర్వ్యూ రోజు పొద్దున అత్త తెల్ల వాయిలు చీర కట్టుకుని, చేతిలో గుడ్డ సంచితో బయల్దేరింది. సంచి చప్పుడు చేస్తోంది. విప్పి చూస్తే దువ్వెన, నూనె సీసా, చెంబు, గరిటె, విసనకర్ర. నాకు తల కొట్టేసినట్టయింది. "ఇంటర్వ్యూకి గరిటె ఏంటత్తా? పెద్దింటి మేడమ్ ముందు చేతులు ఊపుకుంటూ దర్జాగా వెళ్లాలి," అని ఆ సంచి లాక్కుని విజయకి ఇచ్చేశాను. అత్త ఆ సంచి కేసి చూసిన చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. పడవలో రేవు దాటి, అవతలి ఒడ్డున బస్సెక్కి అమలాపురం చేరాం. దారి పొడుగునా అత్త పెదవులు కదులుతూనే ఉన్నాయి గాని, మాట ఒక్కటీ బయటకి రాలేదు. భయం అనుకున్నాను.

ఏజెంటు ఇల్లు మేడ. ముందు హాల్లో మేడమ్. లావుగా, తెల్లగా, నిద్ర చాలని కళ్లతో, కుర్చీ నిండా కూర్చుంది. మెట్ల మీదా వరండాలోనూ రాజోలు నుంచి కొత్తపేట దాకా ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఆడవాళ్లు. అత్త వంతు వచ్చింది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను.

మేడమ్ అడిగింది. "ఐరన్?" అత్త నోరు తెరిచింది. మాట రాలేదు. "కుక్? క్లీన్?" అత్త రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఉంది. ఆ వేళ్లు మటుకు ఏదో వెతుక్కుంటున్నట్టు కదిలేయి, ఖాళీగా కదిలి మళ్లీ ముడుచుకున్నాయి. "వాటర్?" అంది మేడమ్ ఇంకాస్త గట్టిగా, చెవిటిదేమో అనుకుని. అత్త కళ్లలో నీళ్లు తిరిగాయి గాని పెదవి మీదకి ఆ మాట రాలేదు. మేడమ్ ఏజెంటు కేసి చూసి తల అడ్డంగా ఊపింది. "తర్వాతోళ్లు రండి," అన్నాడు ఏజెంటు.

అత్త బయటికి వచ్చి మెట్టు మీద కూలబడింది. నేను పక్కన కూర్చున్నాను.

"మాటలన్నీ ఉన్నాయిరా లోపల," అంది అత్త నెమ్మదిగా. "ఏది పట్టుకుని అనమంటావు? చేతిలో ఏవీ లేదు కదా. సంచి లాగేసుకున్నావు కదా."

అప్పుడు అర్థమైంది నాకు నేను ఎంత గట్టిగా నేర్పేశానో. చేయి ఖాళీ అయితే ఆవిడ నోరు కూడా ఖాళీ. లోపలికి వెళ్లి మేడమ్‌కి ఈ సంగతి చెబుదామంటే ఏ ఇంగ్లీషులో చెప్పను? ఏజెంటు చూస్తే వినే తీరికలో లేడు. నాకు వచ్చిన ఇంగ్లీషంతా అత్తకి ఇచ్చేశాను. కళ్ల ముందు సోమవారం కనబడింది, పీచు షెడ్డు కనబడింది. పోదాం పదమని లేచాను. అత్త లేవలేదు. వెనక వైపు వంటింట్లోంచి గిన్నెలు దొర్లిన చప్పుడు వచ్చింది. వచ్చిన ఇంతమందికీ టీ పెట్టలేక ఏజెంటు భార్య ఒక్కతే సతమతమవుతోంది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. ఏ ఇంటికి వెళ్లినా, ఆ ఇంటి ఇల్లాలు ఒక్కతే పొయ్యి దగ్గర అవస్థ పడుతుంటే, వచ్చిన ఆడది కాళ్లు చాపుకుని కూర్చోదు. పెళ్లికెళ్లినా అంతే, పరామర్శకెళ్లినా అంతే, ఉద్యోగం పోయిన చోటైనా అంతే. అత్త కళ్లు తుడుచుకుని, కొంగు నడుముకి దోపి, "అలా జరగండమ్మా, నేను చూస్తాను," అంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను వారిస్తూనే ఉన్నాను. కాదన్న చోటే పని చేయడమేంటని నా బాధ.

అంతలో వినబడింది. ముందు చిన్నగా, తరవాత మేడ అదిరేలా.

"వాటర్!" గిన్నెలో నీళ్లు పడిన చప్పుడు. "వాటర్!" పొయ్యి మీద పెట్టిన చప్పుడు. "బాయిల్... బాయిల్!" అల్లం ఎత్తి, "పీల్!" గీకుతూ, "పీల్!" వరండాలో ఆడవాళ్లు మాటలు ఆపేశారు. హాల్లో ప్రశ్నలు ఆగిపోయాయి. చేతికి పని దొరికేసరికి రెండు వారాల ఇంగ్లీషు ఆవిడ నోట్లోంచి గోదారి వరదలా వస్తోంది. మాట అనకుండా ఆవిడ చేయి ఇంక కదలదు కూడా. నేను వంటింటి కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడిపోయాను.

మేడమ్ కుర్చీలోంచి లేచి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. ఏజెంటు వెనకాలే వచ్చాడు.

"ఎవరు ఈవిడ?" అంది హిందీలో.

"ఇందాకటి ఆవిడేనండి. మాట రాని ఆవిడ."

మేడమ్ లోపలికి వచ్చింది. పక్కనున్న పళ్లెం తీసి అత్త చేతిలో పెట్టింది. "ప్లేట్," అంది అత్త, బిస్కెట్లు అందులో సర్దుతూ "ప్లేట్," అంది. గుడ్డ ఇచ్చింది. "డస్ట్," గట్టు మీద దులుపుతూ "డస్ట్." తాళం కప్ప ఇచ్చింది. "లాక్," బీరువాకి వేసి "లాక్." మేడమ్ మొహంలో నవ్వు మొలిచింది. ఆవిడకి అది ఆటలా ఉంది, ఒక్కొక్కటే ఇస్తోంది. ఆఖరికి తన చేతిసంచి తెరిచి, దంతపు దువ్వెన తీసి ఇచ్చింది.

ఇక్కడే మా అత్త, ఈ భూమ్మీద మా కోనసీమ ఆడది తప్ప ఇంకెవరూ చేయని పని చేసింది. "కోంబ్," అని, పీట వాల్చి, మేడమ్ భుజం పట్టుకుని కూర్చోబెట్టి, జడ విప్పి, "కోంబ్," అంటూ దువ్వడం మొదలెట్టింది. దువ్వుతూ దువ్వుతూ, "అయ్యో, తల ఇలా ఎండిపోయిందేంటండీ," అని తెలుగులో ఒక్క మాట అని, గూట్లో కొబ్బరినూనె అందుకుని, "ఆయిల్" అని ఎత్తి, మాడు మీద పోసి, "ఆయిల్... ఆయిల్..." అంటూ రెండు చేతులతో మర్దనా చేసింది. మేడమ్ కళ్లు మూతలు పడ్డాయి. పడుకుంది. పీట మీద కూర్చునే పడుకుంది. ఆవిడ గురక అమలాపురం గడియార స్తంభం దాకా వినబడిందంటే స్నేహ నమ్మదు, వదిలేద్దాం. హాల్లోకి వినబడింది, అది చాలు.

కాసేపటికి కళ్లు తెరిచి మేడమ్ మొదట అన్న మాట, "ఈవిడ పేరు రాసుకోండి. అందరికంటే ముందు." ఏజెంటు ఆ మాట తెలుగులో చెప్పేసరికి వరండాలో గలాభా పుట్టింది. వంతు కోసం చూస్తున్న ఆడవాళ్లందరూ చేతికి దొరికింది పట్టుకున్నారు. ఒకావిడ గొడుగు, ఒకావిడ కేరేజీ, ఏమీ దొరకని ఒకావిడ నా మోచెయ్యి.

ఆ తరవాత అత్త కువైట్ వెళ్లింది, ఏళ్లకేళ్లు పని చేసింది. వాకిట్లో తాటాకు పోయి డాబా వచ్చింది. మావయ్యకి కాలు బాగుచేయించింది, ఆయన వెటకారం మాత్రం ఏ డాక్టరూ బాగుచేయలేకపోయాడు. విజయ చదివి టీచరైంది, దాని కూతురు స్నేహ ఇంగ్లీషే నేర్పుతోంది. వాళ్ల కాలేజీలో గాజు గదులున్నాయట, చెవులకి తొడుక్కునే యంత్రాలున్నాయట, లండన్ మనిషి గొంతు విని పిల్లలు అలాగే పలుకుతారట. ఒకసారి పిలిచి చూపించింది. పిల్లలు చక్కగా, గొణుగుడు లేకుండా, మా అత్త జన్మలో పలకలేనంత నాజూకుగా పలుకుతున్నారు. ఒప్పుకున్నాను. ఎండలు పెరిగాయనో వానలు తగ్గాయనో వాపోయే వయసు నాకు వచ్చింది గాని, ఆ పిల్లల ఇంగ్లీషుకి వంక పెట్టే కడుపుమంట నాకు లేదు. ఒక్కటే అడిగాను స్నేహని: మీ గాజు గదిలో నేర్చుకున్నవాళ్లలో ఎవరైనా ఇంటర్వ్యూ చేసినవాళ్లని నిద్రపుచ్చి ఉద్యోగం తెచ్చుకున్నారా? ఆ పిల్ల వెళ్లి వాళ్లమ్మని అడిగింది. అందుకే మొన్న గొడవకి వచ్చింది, నాకు తెలుసు.

కానీ నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నది అమలాపురం కాదు. ఆ సాయంత్రం మేం ఇల్లు చేరడం. రేవు దాటి గట్టు మీదకి వచ్చేసరికి ఎండ వాలిపోయింది. అత్త నాతో పాటు నడవడం లేదు, నాలుగడుగులు ముందు నడుస్తోంది. దూరం నుంచే టపటపమని చప్పుడు వినబడింది. ఇంటికి వచ్చి చూస్తే వాకిట్లో విజయ. నానిన డొక్కని రాయి మీద పెట్టి, కొయ్య సుత్తితో పీచు కొడుతోంది. అమ్మ నెగ్గదని అనుకుందో, నెగ్గకపోతే సోమవారం షెడ్డులో అందరి ముందు చేతకానిదాన్ని కాకూడదనుకుందో, ఎక్కడి నుంచో ఆ సుత్తి అడిగి తెచ్చి తనంతట తనే సాధన మొదలెట్టింది. అరచేతులు ఎర్రగా ఉన్నాయి. మమ్మల్ని చూసి ఆపి, అమ్మ మొహం కేసి చూసింది. మంచం మీద మావయ్య మోచేతి మీద లేచాడు.

అత్త వెళ్లి ఆ పిల్ల చేతిలోంచి సుత్తి తీసుకుంది. బరువు చూస్తున్నట్టు ఒకసారి పైకెత్తి, నా వైపు తిరిగింది.

"ఒరేయ్ ప్రసాదూ, దీన్ని ఇంగ్లీషులో ఏవంటారురా?"

నాకు తెలుసు. ఆ మాట నాకు బ్రహ్మాండంగా తెలుసు. పట్టుకున్నా అదే మాట, కొట్టినా అదే మాట, నా శాస్త్రానికి అంతకంటే అందమైన ఉదాహరణ లేదు. నోటి చివరిదాకా వచ్చింది కూడా. తెలియనిది తెలుసని చెప్పి పేరు తెచ్చుకున్నవాడిని, తెలిసినది తెలీదని చెప్పడం నా జన్మలో అదే మొదలు.

"తెలీదత్తా," అన్నాను.

"మంచిది. ఇది మనకి అక్కర్లేదు," అంది అత్త, చేయి వెనక్కి లాగి, సత్తువంతా పెట్టి విసిరింది. సుత్తి గట్టు దాటి, మా కోళ్లు చెదిరిపోయేలా గాల్లో గిరికీలు కొట్టి, నట్టనడి కాలవలో బుడుంగుమంది. విజయ లేచి, ఎర్రటి అరచేతులు గౌనుకి తుడుచుకుని, పుస్తకాల సంచి కోసం లోపలికి పరుగెత్తింది.